ఇద్దరు బాటసారులు

పిల్లలూ! కొత్త ఊరికి వెళ్ళినప్పుడు మీకు మొట్టమొదట ఏమనిపిస్తుంది? "వీళ్ళ మాట మన మాటలా లేదే! పప్పులో ఇంత పులుపు పోస్తారా? ఈ పండుగ మన ఊళ్ళో ఇలా చెయ్యరే!" అనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ వెంటనే మరొక మాట నాలుక చివరికి వస్తుంది: "మనదే మంచి పద్ధతి. వీళ్ళకేమీ తెలీదు!" చేవెళ్ళ కుర్రవాడు రాజమండ్రి వెళ్ళినా, రాజమండ్రి పిల్ల చేవెళ్ళ వచ్చినా ఇదే జరుగుతుంది.

ఆ రెండవ మాటను నాలుక చివరనే కాసేపు ఆపి ఉంచిన ఇద్దరు మనుషుల కథ ఈ నెల చెప్పుకుందాం. ఒకాయన చెన్నపట్నంలో ఉండిన తెలుగువాడు, ఏనుగుల వీరాస్వామయ్య. రెండవ ఆయన ఫ్రాన్సు దేశపువాడు, మిషెల్ ద మాంటేన్. మాంటేన్ 1580లో ఇల్లు విడిచి దేశాలు చూడబోయాడు. వీరాస్వామయ్య 1830లో బయలుదేరాడు. ఇద్దరి ప్రయాణాలకూ నడుమ సరిగా రెండువందల యాభై ఏళ్ళు!

ఇంకా వింత ఉంది. బయలుదేరేనాటికి ఇద్దరికీ యాభై ఏళ్ళు కాస్త అటూ ఇటూ. ఇద్దరూ ఏడాదికి పైగా తిరిగారు. ఇద్దరూ దారిలో చూసింది చూసినట్టు వ్రాసిపెట్టారు. ఇద్దరి ప్రయాణపు వ్రాతలూ వాళ్ళు పోయిన తరువాతనే అచ్చయినాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరూ న్యాయస్థానంలో పని చేసినవాళ్ళే. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోండి. కథకు తాళంచెవి అదే.

కోర్టులో ద్విభాషి

వీరాస్వామయ్య సుమారు 1780లో పుట్టాడు. ఆ రోజుల్లో దక్షిణదేశంలో చాలా భాగం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉండేది. మనవాళ్ళు దాన్ని కుంఫిణీ అనేవారు. చెన్నపట్నంలో ఆ కాలాన సుప్రీంకోర్టు అనే పెద్ద న్యాయస్థానం ఒకటి ఉండేది. అందులో వీరాస్వామయ్య ప్రధాన ద్విభాషి.

ద్విభాషి అంటే ఎవరు? న్యాయాధిపతి ఇంగ్లీషువాడు. అతనికి మన భాషలు రావు. ఎదుట నిలబడ్డ సాక్షి తెలుగువాడో, అరవవాడో. అతనికి ఇంగ్లీషు రాదు. వీళ్ళిద్దరి నడుమ నిలబడి, ఒకరి మాట మరొకరికి తర్జుమా చేసి చెప్పేవాడే ద్విభాషి. చూడడానికి సులువైన పనే అనిపిస్తుంది. కాని ఆలోచించండి. "నేను అతన్ని కొట్టాను" అనే మాటకూ, "నా చెయ్యి అతనికి తగిలింది" అనే మాటకూ ఎంత తేడా! ద్విభాషి ఒక్క మాట తారుమారు చేస్తే ఏ పాపమూ ఎరుగనివాడు చెరసాలకు పోవచ్చు. దొంగ నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు. కనుక మంచి ద్విభాషి తన ఇష్టానిష్టాలు పక్కకు పెట్టాలి. ఎదుటివాడు ఏమన్నాడో, ఎందుకన్నాడో ముందు సరిగా వినాలి. వీరాస్వామయ్యకు ఈ విద్య కోర్టులోనే అలవడింది.

కాశీకి పల్లకీలో

1830 మే 18వ తేదీ రాత్రి వీరాస్వామయ్య కాశీయాత్రకు చెన్నపట్నం విడిచాడు. కుటుంబం, బంధువులు, పనివాళ్ళు, పల్లకీలు మోసే బోయీలు, అంతా కలిసి సుమారు నూరుమంది! మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలుబండి 1853లోగాని నడవలేదు. అది కూడా బొంబాయికీ ఠాణాకూ మధ్యనే. కాబట్టి కాశీకి పోవాలంటే పల్లకీ, గుర్రం, ఎద్దుబండి, లేకపోతే సొంత కాళ్ళు. ఇవే గతి. నదులకు వంతెనలు అరుదు. ఏరు పొంగితే తగ్గిందాకా గట్టున కూర్చోవలసిందే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పెద్దలు ఊరికే అనలేదు.

ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ అనే స్నేహితుడు ఉండేవాడు. దారిలో చూసిన విశేషాలన్నీ వ్రాసి పంపమని ఆ స్నేహితుడు కోరాడు. వీరాస్వామయ్య ఆ కోరిక మన్నించాడు. మజిలీ మజిలీకీ కూర్చుని వ్రాశాడు. ఏమి వ్రాశాడనుకున్నారు? గుళ్ళూ గోపురాలూ మాత్రమేనా? కాదు. ఈ ఊరినుంచి ఆ ఊరికి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, దిగడానికి చోటు ఉన్నదా, మంచినీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళు ఉన్నాయా, ఏ సరుకు ఏ ధర, ఏ నాణెం చెల్లుతుంది, అక్కడి మనుషులు ఏమి తింటారు, ఎలా మాట్లాడతారు. ఇవన్నీ వ్రాశాడు.

నాణాల సంగతి మీకు వింతగా ఉండవచ్చు. ఇవాళ మన రూపాయి కాశ్మీరంలోనూ చెల్లుతుంది, కన్యాకుమారిలోనూ చెల్లుతుంది. ఆ రోజుల్లో అలా కాదు. కుంఫిణీ తన రాజ్యమంతటా ఒకే రకం రూపాయి తెచ్చింది 1835లో. అంతకు ముందు ఒక్కొక్క చోట ఒక్కొక్క రూపాయి. ఎల్ల దాటగానే వట్టం ఇచ్చి నాణాలు మార్చుకోవాలి. శేరు కూడా అంతే. ఒక ఊరి శేరు మరొక ఊరి శేరుకు సరిపోయేది కాదు. తెలియని బాటసారి మోసపోవడం ఎంతసేపు? కాబట్టి వీరాస్వామయ్య వ్రాసిన లెక్కలు తరువాతి యాత్రికులకు చేతిదీపంలా ఉపయోగించాయి.

మన హైదరాబాదు మీదుగా

చెన్నపట్నంనుంచి తిరుపతి, కడప, శ్రీశైలం. తరువాత కృష్ణ దాటితే నైజాం రాజ్యం. ఇలా ఆయన మన హైదరాబాదుకు వచ్చాడు. అప్పటి నవాబు నాసిరుద్దౌలా. రాజ్యవ్యవహారాలన్నీ చందూలాల్ చేతిలో ఉండేవి. నగరంలో అరబ్బులు, రోహిలాలు మొదలైన సిపాయిలు కత్తులూ బాకులూ ధరించి వీధుల్లో తిరిగే రోజులవి. హుసేన్‌సాగర్ చెరువు అప్పటికే పాతది. చార్మినార్ రెండువందల ఏళ్ళు దాటినది. కాని మొయినాబాదు వైపు పిల్లలకు బాగా తెలిసిన గండిపేట చెరువు మాత్రం ఆయన చూడలేదు. అది అప్పటికి లేదు! 1908లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచిన తరువాతనే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టే ఆలోచన సాగింది. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. ఆయన చూసిన మూసీ అనంతగిరినుంచి ఆనకట్ట లేకుండా దిగివచ్చే మూసీ.

ఇలాంటి సంగతి మనం ఎలా చెప్పగలుగుతున్నాం? ఆనాడు ఉన్నదేదో, లేనిదేదో ఆనాటివాళ్ళు వ్రాసిపెట్టబట్టే కదా! రాజుల పేర్లు శాసనాలలో ఉంటాయి. కాని పల్లెటూరి అంగట్లో బియ్యం ధర శాసనాలలో ఎందుకుంటుంది? అది బాటసారి వ్రాయవలసిందే.

హైదరాబాదునుంచి మేడ్చల్, నిర్మల్ దారిన నాగపూరు చేరాడు. అక్కడినుంచి జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. తిరుగుదారిలో పూరీ జగన్నాథం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3వ తేదీన మళ్ళీ చెన్నపట్నం చేరాడు. పదిహేను నెలలకు పైగా ప్రయాణం! తెలుగు, మరాఠీ, హిందూస్తానీ, బెంగాలీ, ఒరియా మాట్లాడే దేశాలన్నీ చుట్టివచ్చాడు.

1836 అక్టోబరు 3వ తేదీన వీరాస్వామయ్య మరణించాడు. ఉత్తరాలు కోరిన ఆ స్నేహితుడు శ్రీనివాసపిళ్ళే పూనుకుని, వాటిని 1838లో "కాశీయాత్ర చరిత్ర" అనే పేరుతో అచ్చువేయించాడు. తెలుగులో యాత్రలనుగురించి వచ్చిన మొదటి గొప్ప పుస్తకం అదే. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు వివరాలన్నీ చేర్చి దాన్ని మళ్ళీ ప్రకటించారు. ఒక స్నేహితుడు "వ్రాయి" అని అడగకపోతే, రెండవసారి ఆ స్నేహితుడే అచ్చువేయించకపోతే మనకా పుస్తకం లేదు. స్నేహితులు ఇలాంటి మేలు కూడా చేస్తారు!

లాటిన్ మాట్లాడిన పసివాడు

ఇప్పుడు రెండువందల యాభై ఏళ్ళు వెనక్కు పోదాం. ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే రేవుపట్నం ఉంది. దానికి తూర్పున ద్రాక్షతోటల నడుమ ఒక కోట. అందులో 1533 ఫిబ్రవరి 28న మాంటేన్ పుట్టాడు. తండ్రి ధనవంతుడు. కాని విచిత్రమైన ఆలోచనలుగలవాడు. పిల్లవాణ్ణి పాలు తాగే వయసులోనే ఒక పేదపల్లెకు పంపి అక్కడివాళ్ళ ఇంట పెంచాడు. పేదవాళ్ళు ఎలా బ్రతుకుతారో పిల్లవాడికి ఉగ్గుపాలతోనే తెలియాలని ఆయన కోరిక!

మాటలు వచ్చే వయసు రాగానే ఇంకో వింత చేశాడు. ఫ్రెంచి ఒక్క ముక్క రాని జర్మను పండితుణ్ణి గురువుగా పెట్టాడు. ఆయన పిల్లవాడితో లాటిన్ తప్ప మాట్లాడడు. తల్లి, తండ్రి, నౌకర్లు కూడా పిల్లవాడి ఎదుట నాలుగు లాటిన్ ముక్కలే పలకాలి. మన ఇళ్ళలో పసివాడితో అందరూ సంస్కృతమే మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించండి! ఆరేళ్ళు వచ్చేదాకా మాంటేన్‌కు లాటినే తల్లిభాష. ఉదయం పిల్లవాణ్ణి ఉలిక్కిపడేలా లేపకూడదని, పక్కన వాద్యం వాయించి మెల్లగా లేపేవారట. బడికి తొందరపడే మన ఇళ్ళలో ఈ పద్ధతి నడవదులెండి!

పెద్దవాడై మాంటేన్ బోర్డోలో న్యాయాధికారి అయ్యాడు. సుమారు పదమూడేళ్ళు ఆ పని చేశాడు. అక్కడ లా బొయెతీ అనే ప్రాణస్నేహితుడు దొరికాడు. కాని 1563లో ఆ స్నేహితుడు జబ్బుచేసి చనిపోయాడు. ఐదేళ్ళకు తండ్రి పోయాడు. మాంటేన్ మనసు విరిగింది. 1571లో, సరిగా తన ముప్పైయెనిమిదో పుట్టినరోజున, ఉద్యోగం చాలించుకుని కోటలోని గుండ్రని బురుజు చేరాడు. కింద ప్రార్థనమందిరం, దానిపైన పడకగది, ఆపైన పుస్తకాల గది. సుమారు వెయ్యి పుస్తకాలు. గది పైకప్పు దూలాలమీద పాత గ్రీకు, లాటిన్ సూక్తులు వ్రాయించాడు. 1885లో ఆ కోట అగ్నికి ఆహుతి అయింది. కాని ఆ బురుజు మాత్రం మిగిలింది. ఇవాళ కూడా చూడవచ్చు.

గీటురాయి మీద ఆలోచనలు

ఆ గదిలో కూర్చుని మాంటేన్ కొత్త రకం వ్రాత మొదలుపెట్టాడు. కథ కాదు, పద్యం కాదు, శాస్త్రమూ కాదు. ఒక సంగతి తీసుకుంటాడు. భయం, స్నేహం, బొటనవేళ్ళు, వాసనలు, ఏదైనా సరే! దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తనను తానే ప్రశ్నలు వేసుకుని, తట్టింది వ్రాస్తాడు. 1580లో అచ్చయిన ఆ పుస్తకానికి "ఎస్సేలు" అని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో ఆ మాటకు పరీక్షించి చూడడం అని అర్థం. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద ఒరపెట్టి చూస్తాడు కదా, అలా ఆయన తన ఆలోచనలను ఒరపెట్టి చూశాడన్నమాట. మీరు బడిలో వ్రాసే వ్యాసానికి మూలపురుషుడు ఆయనే! మన తెలుగులో అలాంటి రచనలు సామినేని ముద్దునరసింహం నాయుడుగారు వ్రాశారు. వాటిని ఆయన ప్రమేయాలు అన్నాడు. అవి 1862లో "హితసూచని" అనే పుస్తకంగా వచ్చాయి.

మాంటేన్ ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒకటి చూడండి. ఆయనకు ఒక పిల్లి ఉండేది. దానితో ఆడుకుంటూ ఆయనకు అనుమానం వచ్చింది: నేను పిల్లిని ఆడిస్తున్నానా, పిల్లి నన్ను ఆడిస్తున్నదా? నవ్వు వస్తున్నది కదూ! కాని ఆ నవ్వు వెనక ఒక ఆలోచన ఉంది. మనం చూసే చోటునుంచి ఒకలా కనిపించేది, ఎదుటివాడి చోటునుంచి మరొకలా కనిపించవచ్చు.

1576లో ఆయన తనకోసం ఒక లోహపు బిళ్ళ చేయించుకున్నాడు. దానిమీద ఒక త్రాసు బొమ్మ. "తీర్పు ఆపి ఉంచుతున్నాను" అనే అర్థం వచ్చే గ్రీకు మాట ఒకటి. చూశారా? న్యాయాధికారి పని వదిలినవాడు కూడా త్రాసు వదలలేదు! రెండు సిబ్బెలలోనూ అన్నీ వేసి చూశాకగాని తీర్పు చెప్పకూడదన్నది ఆయన నియమం.

ఎవరు అనాగరికులు?

ఆయన ఎస్సేలలో ఒకటి బ్రెజిల్ దేశపు ఆటవికులనుగురించి. అప్పటికి ఐరోపావాళ్ళు అమెరికా ఖండాన్ని కనుక్కొని డెబ్బై ఏళ్ళు. అక్కడి మనుషులను "అనాగరికులు" అని తీసిపారేసేవారు. 1562లో బ్రెజిల్‌నుంచి వచ్చిన ముగ్గురు రువాన్ అనే పట్నంలో ఉండగా మాంటేన్ వాళ్ళను చూశాడు. అప్పటి ఫ్రాన్సు రాజు తొమ్మిదవ చార్లెస్ కూడా అక్కడే ఉన్నాడు. రాజుకు పన్నెండేళ్ళు! ఆ ముగ్గురికీ పట్నం అంతా చూపించి, "మీకు ఏమి వింతగా తోచింది?" అని అడిగారు. పెద్ద భవనాలనో, పట్టుబట్టలనో మెచ్చుకుంటారని అందరూ ఎదురుచూశారు.

వాళ్ళు చెప్పింది వేరు. గడ్డాలు పెరిగిన బలశాలులు, చేతుల్లో ఆయుధాలున్నవాళ్ళు, ఒక చిన్న పిల్లవాడికి లోబడి ఉండడం వింత అన్నారు. రెండవది ఇంకా పదునైనది. ఇక్కడ కొందరికి అన్నీ నిండుగా ఉన్నాయి, వాళ్ళ వాకిళ్ళలోనే కొందరు ఆకలితో ఎండిపోయి అడుక్కుంటున్నారు, ఆ ఆకలిగొన్నవాళ్ళు ఇది ఎలా ఓర్చుకుంటున్నారు అన్నారు.

మాంటేన్ ఆ మాటలు మరచిపోలేదు. మనకు అలవాటు లేనిదాన్నే మనం అనాగరికం అంటున్నామని ఆయనకు తోచింది. వాళ్ళు యుద్ధంలో శత్రువును చంపి తింటారని మనం చీదరించుకుంటున్నాం, సరే. మరి మన దేశంలో దేవుడి పేరు చెప్పి బ్రతికున్న మనిషిని చిత్రహింస పెడుతున్నామే, దానిమాట ఏమిటి అని ఎదురుప్రశ్న వేశాడు.

ఆ ముగ్గురిలో ఒకడితో మాంటేన్ చాలాసేపు మాట్లాడాడు. కాని ఆయనకు దొరికిన ద్విభాషి చాతకానివాడు! ప్రశ్నలు సరిగా తర్జుమా చెయ్యలేకపోయాడు. మాంటేన్ చాలా విసుక్కున్నాడు. వీరాస్వామయ్యవంటి ద్విభాషి ఆనాడు రువాన్‌లో ఉంటే మనకు ఇంకా ఎన్ని సంగతులు తెలిసేవో!

తలుపు తెరిచిన ఇల్లు

ఆయన మాటలు ఎంత సాహసమో తెలియాలంటే ఆనాటి ఫ్రాన్సు సంగతి తెలియాలి. ఆ దేశంలో క్రైస్తవులే రెండు శాఖలుగా చీలిపోయారు. ఒకరు కాథలిక్కులు, ఒకరు ప్రొటెస్టంట్లు. 1562నుంచి 1598దాకా విడతలు విడతలుగా అంతర్యుద్ధం. పక్కింటివాణ్ణి పక్కింటివాడే చంపాడు. 1572 ఆగస్టులో పారిస్‌లో మొదలైన మారణకాండలో వేలమంది చచ్చారు. మాంటేన్ కాథలిక్కు. కాని ఆయన కుటుంబంలో ప్రొటెస్టంట్లూ ఉన్నారు. రెండు పక్షాలవాళ్ళూ ఆయనతో మాట్లాడేవారు. ఇరుపక్షాల నాయకుల నడుమ రాయబారం కూడా నడిపాడు.

అందరూ గోడలు పెంచుకుని కాపలా పెట్టుకుంటే, మాంటేన్ తన ఇంటికి సైన్యం పెట్టలేదు. ఒక ముసలి ద్వారపాలకుడు మాత్రం ఉండేవాడు. ఒకనాడు ఎరిగిన పొరుగువాడొకడు గుర్రంమీద పరుగున వచ్చాడు. శత్రువులు తరుముతున్నారని తలుపు తెరవమన్నాడు. మాంటేన్ తెరిచాడు. కాసేపటికి నలుగురైదుగురు సిపాయిలు అదే కథ చెప్పుకుంటూ వచ్చారు. తరువాత ఇంకొందరు. చూస్తూండగా పాతికముప్పైమంది వాకిట్లో చేరారు! ఇల్లు పట్టుకోవడానికే వచ్చారని మాంటేన్‌కు తెలిసిపోయింది. అయినా ఏమీ ఎరగనట్టు అందరినీ ఆదరంగా లోపలికి పిలిచాడు. నాయకుడు ఆయన ముఖం చూశాడు. కొంతసేపు కూర్చున్నాడు. లేచి, మనుషులను తీసుకుని మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. ఆ ముఖమూ, ఆ నిష్కపటమైన మాటా చూసి తన చేతిలోని ద్రోహం జారిపోయిందని తరువాత అతనే చెప్పుకున్నాడు.

ఇలా చేస్తే ప్రతిసారీ ఇల్లు దక్కుతుందని కాదు. మాంటేన్ కూడా అలా అనలేదు. కాని ఎదుటివాణ్ణి ముందే శత్రువుగా తీర్పు చెప్పకపోవడం ఒట్టి పుస్తకాల మాట కాదని, ప్రాణం పణంగా పెట్టి ఆచరించిన మాట అని దీనివల్ల తెలుస్తున్నది.

గుర్రంమీద పదిహేడు నెలలు

మాంటేన్‌కు మూత్రపిండాలలో రాళ్ళ జబ్బు. తండ్రికీ అదే జబ్బు. వేడినీటి ఊటలలో స్నానం చేస్తే, ఆ నీళ్ళు త్రాగితే తగ్గుతుందని ఆ రోజుల్లో నమ్మేవారు. 1580 జూన్ 22న తమ్ముడు, బంధువులు, నౌకర్లు వెంట రాగా బయలుదేరాడు. స్విట్జర్లాండు, జర్మనీ దేశాల మీదుగా ఇటలీ. ఏ ఊటలో ఎన్ని గ్లాసుల నీళ్ళు త్రాగాడో, దేహంలో ఏమి మార్పు వచ్చిందో లెక్క వ్రాసుకున్నాడు. శాస్త్రజ్ఞుడి నోటుపుస్తకంలా ఉంటుంది!

తోటి ఫ్రెంచివాళ్ళు పరదేశంలో కూడా ఫ్రెంచి వంటే కావాలని, ఫ్రెంచివాళ్ళతోనే మాట్లాడాలని చూస్తుంటే ఆయనకు నవ్వు వచ్చేది. తను మాత్రం ఏ ఊళ్ళో ఆ ఊరి తిండి తిన్నాడు. జర్మనీలో వంటలు నచ్చి, తన వంటవాణ్ణి తీసుకురాకపోతినే అని విచారించాడు. ప్రొటెస్టంట్ల ఆరాధన ఎలా ఉంటుందో పోయి చూశాడు. రోములో యూదుల ఆలయానికి వెళ్ళాడు. పోపును దర్శించాడు. ఇటలీలో ఉండగా దినచర్యలో కొంతభాగం ఇటాలియన్ భాషలోనే వ్రాయడానికి ప్రయత్నించాడు. ఏదైనా చూడకుండా వచ్చేస్తే వెనక్కు పోయేవాడు. తనకు తిన్నని గీతలాంటి దారంటూ ఏదీ లేదనీ, ఎటు పోయినా అది తన దారేననీ చెప్పేవాడు.

లుక్కా అనే ఊరి దగ్గర స్నానాలకు ఉండగా 1581 సెప్టెంబరులో కబురు వచ్చింది, తనను బోర్డో నగరానికి మేయరుగా ఎన్నుకున్నారని! నవంబరు 30న ఇల్లు చేరాడు. రెండు తడవలు, నాలుగేళ్ళు, మేయరుగా పనిచేశాడు. 1592 సెప్టెంబరు 13న మరణించాడు. దినచర్య పుస్తకం ఒక పాత పెట్టెలో పడి ఉండిపోయింది. 1770లో బయటపడింది. 1774లో అచ్చయింది. ఆయన పోయిన నూటయెనభై ఏళ్ళ తరువాత!

త్రాసు మన చేతిలో

ఈ ఇద్దరూ ఒకేలాంటివాళ్ళా అంటే, కాదు. వీరాస్వామయ్య భక్తుడు. తీర్థాలు సేవించి పుణ్యం సంపాదించాలని వెళ్ళాడు. మాంటేన్ జబ్బు తగ్గించుకోవాలని, లోకం చూడాలని వెళ్ళాడు. వీరాస్వామయ్య కుంఫిణీ కొలువులో ఉన్నవాడు. కుంఫిణీ పాలనలో ఆయనకు మంచే ఎక్కువగా కనిపించింది. ఇవాళ మనం చరిత్ర చదివి ఆ తీర్పును ఒప్పుకోము. ఎంత పెద్దవాడైనా తన కాలాన్ని పూర్తిగా దాటిపోలేడు. కాని ఆయన చూసినవి, ధరలు, దూరాలు, ఆచారాలు, ఉన్నవి ఉన్నట్టు వ్రాసిపెట్టాడు కనుకనే మనం ఆయన తీర్పును కూడా మళ్ళీ త్రాసులో వేసి చూడగలుగుతున్నాం. తీర్పు తప్పయినా సాక్ష్యం నిలిచింది. నిజాయితీగా వ్రాసినవాడి గొప్ప అదే.

ఇప్పుడు మీకొక పని. ఈసారి సెలవులకు ఎక్కడికి వెళ్ళినా, మేనమామ ఊరైనా సరే, దొంతన్‌పల్లినుంచి చిలుకూరు గుడి దాకా అయినా సరే, ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకోండి. ప్రతి పుట మధ్య నిలువుగా ఒక గీత గియ్యండి. ఎడమవైపు "చూసింది" అని, కుడివైపు "అనుకున్నది" అని వ్రాయండి.

"ఇక్కడ జొన్నరొట్టె చేత్తో తట్టి చేస్తున్నారు" అన్నది చూసింది. "మా ఇంటి చపాతీయే మేలు" అన్నది అనుకున్నది. "ఆ పిల్లవాడు నన్ను చూసి మాట్లాడలేదు" అన్నది చూసింది. "వాడికి పొగరు" అన్నది అనుకున్నది. రెండూ వేరువేరు గళ్ళలో పడ్డాక ఒక తమాషా జరుగుతుంది. ఎడమవైపు వ్రాసింది మారదు. కుడివైపు వ్రాసినదాంట్లో చాలాభాగం రెండురోజులకే కొట్టివేయవలసి వస్తుంది. ఆ పిల్లవాడికి పొగరు కాదు, సిగ్గు అని తేలుతుంది. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేసే పని కూడా ఇదే. కొలిచింది ఒక చోట వ్రాస్తారు, ఊహించింది మరొక చోట వ్రాస్తారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ప్రయాణంలో అడిగే "వాళ్ళెందుకు అలా చేస్తారు?" అన్న ప్రశ్నకు "వాళ్ళంతే!" అని జవాబు చెప్పకండి. తెలిస్తే కారణం చెప్పండి. తెలియకపోతే ఆ ఊరివాళ్ళనే అడగమనండి. శ్రీనివాసపిళ్ళలా, "చూసింది వ్రాసి నాకు చూపించు" అనండి. మీ పిల్లల నోటుపుస్తకాలు పదిలంగా దాచండి. ఇవాళ్టి కూరగాయల ధర, బస్సు టిక్కెట్టు ధర, చెరువులో నీళ్ళ మట్టం వందేళ్ళ తరువాత ఎవరికి అక్కరకు వస్తాయో ఎవరు చెప్పగలరు?